వెనక్కే లాగాలి

లింబాద్రి కంపెనీలో పారేసే కాగితాలవి.
కాగితాలూ కావు, పల్చటి ప్లాస్టిక్ బిళ్ళలు,
అప్పడమంత. ఒక ముఖాన కంటికి ఆనని గరుకు.
గాజు పోగుల కొనలు వాటి మీద నున్నజేయడం వాడి డ్యూటీ,
చల్లటి గదిలో, నెత్తికి టోపీ, ముక్కుకి గుడ్డ.
"గా కొన మీద ఒక్క గీత పడ్డదనుకో,
సముద్రం అవతల మాట ఆగిపోతది" అంటాడు.

నాది అంత దూరం పోయే పని కాదు.
షార్జా చేపల మార్కెట్లో కింది వరస, నాలుగో బల్ల.
పొలుసు గీకి, పొట్ట చీల్చి, అడిగిన మందాన ముక్కలు కొట్టడం.
మధ్యాహ్నానికి కత్తి మొద్దుబారేది.
వర్కిచ్చన్ గిర్రున తిరిగే సానరాయికి పెట్టమనేవాడు.
నిప్పులు రాలేవి, అంచు నీలంగా కమిలేది,
సాయంత్రానికి మళ్ళీ మొదటికే.
మా మేనత్త చిన్నమ్మి భావనపాడులో
కత్తిపీటని సిమెంటు గట్టుకేసి రెండు రాపులు రాసి
కూడబెట్టుకున్న బలమంతా చేప మీద చూపించేది.
నాకు తెలిసిన నూరడం అంతవరకే.

గురువారం రాత్రి, రోళ్ళలో మా గది.
ఆరుగురు నిద్రలో. లింబాద్రి మంచం కింద కూచున్నాం.
స్నానాలగదిలో పగిలిన అద్దం ముక్క,
దాని మీద రెండు చుక్కల నీళ్ళు, ఆ పైన బిళ్ళ.
తడికి అతుక్కుపోయింది, అద్దానికి చర్మం మొలిచినట్టు.
ఆకుపచ్చది ముందు. నీలం తర్వాత. ఆ పైన గులాబీ.
చివర తెల్లది. దానికి గరుకుందంటే నమ్మక
చెంపకి రాసుకుని చూశాను.

"ముంగటికి నూకకు దానన్నా, ఎన్కకే గుంజాలె.
నూకితే కత్తి బిళ్ళనే తింటది."
నూకాను. తిన్నది.
ఇంకోటి తీసిచ్చాడు, ఏమీ అనకుండా.
"ఒత్తకు. బరువు కత్తిదే, నీది చెయ్యి మాత్రమే."
ముప్పై ఏళ్ళుగా ఒత్తుతున్న చెయ్యి ఇది,
వల లాగిన చెయ్యి, లంగరు తాడు లాగిన చెయ్యి,
దానికి ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు.
నీళ్ళు నల్లబడ్డాయి. తుడిచాను. మళ్ళీ నల్లబడ్డాయి.
ఎక్స్‌చేంజి రసీదు పట్టుకుని కత్తి ఆనించాను.
పంపిన డబ్బు ఒకవైపు, పట్టుకున్న కమీషన్ ఒకవైపు,
చప్పుడు లేకుండా విడిపోయాయి.
లింబాద్రి తేరగా దొరికిన సినిమా చూసినట్టు నవ్వాడు.

మర్నాడు రద్దీ.
ఉమ్ హమద్ వచ్చింది, ముక్కు మీద పాత బత్తూలా,
దాని నీలిరంగు చెంపలకి దిగి.
కనాద్ తెచ్చింది. అంటే మా వంజరమే.
వెన్నెముక దగ్గర కూడా నా కత్తి ఆగలేదు.
ఆమె చెవి దగ్గరగా పెట్టి, బొంబాయి హిందీలో అడిగింది:
"నీ కత్తికి నోరు పడిపోయిందా?"
ముక్కల మీద వేలు పోనిచ్చి, ఇంకేమీ అనక
ఇంకో చేప తేవడానికి పోయింది.
మిగతావాళ్ళు అంత తేలిగ్గా నమ్మలేదు.
చప్పుడు కాకపోతే పని జరగలేదనుకునేవాళ్ళు.
వాళ్ళ కోసం పలక మీద అప్పుడప్పుడు
కత్తి మడమతో ఊరకనే ఒకటి కొట్టేవాణ్ణి.

లింబాద్రిని రువైస్ కేంపుకి మార్చారు.
రాత్రి చెప్పారు, తెల్లారి బస్సు.
నేను మార్కెట్ నించి వచ్చేసరికి పరుపు మడిచి ఉంది.
నా దిండు కింద పాత కేలండరు, నెలకో బిళ్ళ చొప్పున దాచి.
ఆకుపచ్చ, నీలం రంజాన్‌కి ముందే అయిపోయాయి.
గులాబీది చిరిగింది, నేనే నూకాను, తొందరలో.
తెల్లది ఒక్కటి మిగిలింది.
మొదట్నించీ నున్నగానే ఉన్నదానికి
అరిగిపోయిందని ఎలా తెలుస్తుంది?

అదే అడుగుదామని ఫోన్ చేశాను.
మాట తెగి తెగి వచ్చింది.
"ఎవడో కొన మీద గీత పడనిచ్చాడ్రా" అన్నాను.
నవ్వాడో, లైను అలా గరగరమన్నదో.

అద్దం మీద రెండు చుక్కలు వేసి
వెనక్కే లాగుతూ కూచున్నాను, ఒత్తకుండా.
ఒంటిగంట దాటింది.
నీళ్ళు నల్లబడలేదు.